ఒకే ఇంట్లో అందరికీ అమీబా, గడ్డ మాత్రం ఆయనకే ఎందుకు?

ప్రశ్న: నమస్తే మేడం. మాది కామారెడ్డి దగ్గర ఒక పల్లె. మావారికి 38 ఏళ్లు, సెంట్రింగ్ పనికి వెళ్తారు. మూడు నెలల కింద చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి వస్తే స్కానింగ్ తీసి లివర్‌లో చీముగడ్డ ఉందన్నారు. సూదితో చీము తీసి మెట్రోనిడజోల్ వాడారు. ఇప్పుడు జ్వరం, నొప్పి లేవు, కానీ మొన్నటి స్కానింగ్‌లో ఇంకా చిన్న మచ్చ కనిపిస్తోంది. అది అమీబా వల్ల వచ్చిన గడ్డ అని చెప్పి ఇంట్లో వాళ్లకు మోషన్ టెస్ట్ చేయించమన్నారు. నాకు, తొమ్మిదేళ్ల బాబుకు, ఆరేళ్ల పాపకు ముగ్గురికీ 'ఎంటమీబా హిస్టోలిటికా సిస్టులు ఉన్నాయి' అని వచ్చింది. మాకు ఏ బాధా లేదు. పిల్లలకు అన్నం కలిపి తినిపించేది మా అత్తమ్మే. ఆమె 'మీ మామకు కూడా ఇదే గడ్డ లేచింది, ఇది మా ఇంటి రక్తంలోనే ఉంది, రేపు పిల్లగానికి కూడా వస్తది' అంటోంది. తిండి ఒకటే, నీళ్లు ఒకటే, పురుగు ఒకటే. మరి ఆయనకే ఎందుకు వచ్చింది? ఇది జీన్స్‌లో ఉంటుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీకు నిద్ర లేకుండా చేస్తున్న భయాల సంగతి ముందు చెప్తాను. స్కానింగ్‌లో మచ్చ కనిపించినంత మాత్రాన జబ్బు మిగిలి ఉన్నట్టు కాదు. చీము పోయినా ఆ ఖాళీ పూడటానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాకా కనిపిస్తూనే ఉంటుంది. మీవారికి జ్వరం లేదు, నొప్పి లేదు, మళ్లీ పనికి వెళ్లగలుగుతున్నారంటే ఆ కాగితం కన్నా అదే గట్టి రిపోర్టు. ఇక బాబు విషయం. ఇది తండ్రి నుంచి కొడుక్కి రక్తంలో దిగే జబ్బు కాదు. ఇందులో జన్యువుల పాత్ర నిజంగానే ఉంది. కానీ అందులో పెద్ద వాటా అమీబా జన్యువులది, మీ ఇంటివాళ్లది చాలా చిన్నది.

మీరు 'పురుగు ఒకటే' అని రాశారు. చిక్కంతా ఆ మాటలోనే ఉంది. మూడు రిపోర్టుల మీదా ఉన్న పేరు ఒకటే, నిజమే. కానీ మీ ముగ్గురి పేగుల్లో ఉన్నదీ, మీవారి లివర్‌లో గడ్డ లేపిందీ ఒకటేనని ఆ కాగితం చెప్పలేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పాను, ల్యాబ్‌లో కూర్చుని అలాంటి చీటీలు వేల సంఖ్యలో రాశాను. గాజుపలక మీద అయోడిన్ చుక్క వేసి, అందులో పుల్లతో కాస్తంత మలం కలిపి, పైన కవర్ స్లిప్ పెట్టి చూస్తాం. గుండ్రటి సిస్టు, అంటే గట్టి పెంకులో ముడుచుకున్న అమీబా, కనిపిస్తుంది. లోపల కేంద్రకాలు లెక్కపెడతాం. నాలుగు ఉంటే 'హిస్టోలిటికా' అని రాసేవాళ్లం. ఆ నాలుగు కేంద్రకాల సిస్టు హిస్టోలిటికాది కావచ్చు. అచ్చం దానిలాగే ఉండే ఎంటమీబా డిస్పార్ అనే వేరే జీవిది కూడా కావచ్చు. మైక్రోస్కోప్‌లో రెండూ ఒకేలా ఉంటాయి, ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా సిస్టును చూసి తేడా చెప్పలేరు. డిస్పార్ పేగులో బాక్టీరియాను తింటూ తన బతుకు తాను బతుకుతుంది, మనిషి జోలికి రాదు. చాలా దేశాల్లో హిస్టోలిటికా కన్నా ఇదే ఎక్కువ. నేను రాసిన చీటీలు పట్టుకుని ఎందరు అక్కర్లేని మందులు మింగారో తలచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

మీరు అడిగిన ప్రశ్న వైద్యులను కూడా వందేళ్లకు పైగా వేధించింది. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదర్ లెష్ అనే డాక్టర్ రక్తవిరేచనాల రోగి మలంలో ఈ అమీబాను చూసి వర్ణించాడు. 1903లో ఫ్రిట్జ్ షౌడిన్ దానికి హిస్టోలిటికా అని పేరు పెట్టాడు. కణజాలాన్ని కరిగించేది అని ఆ పేరుకు అర్థం. అంత భయంకరమైన పేరు పెట్టారు గానీ, అది ఉన్నవాళ్లలో చాలామంది హాయిగా తిరుగుతూ కనిపించారు. 1913లో మనీలాలోని బిలిబిడ్ జైల్లో వాకర్, సెల్లార్డ్స్ అనే ఇద్దరు డాక్టర్లు 20 మంది ఖైదీలకు ఈ సిస్టులను మింగించారు. ఈ రోజుల్లో ఎవరూ ఒప్పుకోకూడని ప్రయోగం అది. దాదాపు అందరి కడుపులోనూ అమీబా స్థిరపడింది, రక్తవిరేచనాలు మాత్రం నలుగురికే వచ్చాయి. ఒకే జైలు, ఒకే తిండి. మీ ఇంటి కథే.

1925లో ఎమిల్ బ్రంప్ట్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త దీనికి సూటిగా జవాబు చెప్పాడు. ఇవి చూడటానికి ఒకలా ఉండే రెండు వేర్వేరు జీవులు, ఒకటి జబ్బు చేస్తుంది, ఒకటి చెయ్యదు అన్నాడు. డిస్పార్ అనే పేరు కూడా ఆయన పెట్టిందే. కంటికి తేడా కనిపించనప్పుడు రెండని ఎలా నమ్మాలి అని తోటివాళ్లు పక్కన పెట్టేశారు. 1978లో లండన్‌లో సార్జెంట్, విలియమ్స్ ఈ అమీబాల ఎంజైములను విడదీసి చూస్తే జబ్బు చేసేవాటి వరస వేరు, చెయ్యనివాటి వరస వేరు అని తేలింది. తర్వాత డీఎన్‌ఏ కూడా అదే చెప్పింది. 1993లో డైమండ్, క్లార్క్ ఈ రెంటినీ అధికారికంగా విడదీశారు, 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఒప్పుకున్నారు. బ్రంప్ట్ మాట నెగ్గడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. అయినా మన ఊళ్ల ల్యాబ్ చీటీల మీద ఇప్పటికీ పాత పేరే పడుతోంది. మీ చేతికి వచ్చినవీ అలాంటివే.

హిస్టోలిటికా అంటే ఏమిటో నా కళ్లతో చూసిన రోజు ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రాడి మలం వార్డు నుంచి ఇంకా వెచ్చగా ఉండగానే పరుగున తెచ్చారు. చల్లబడితే అమీబా కదలదు, అందుకే ఆ హడావుడి. స్లైడ్ పెట్టి చూస్తే నీటిబొట్టులా మెరిసే జీవి ఒక పక్క నుంచి గాజులాంటి వేలిని చాపుతోంది, ఒళ్లంతా ఆ వేలిలోకి ఒలికిపోతున్నట్టు జారి ముందుకు కదులుతోంది. దాని లోపల ఆ కుర్రాడి ఎర్ర రక్తకణాలు. లెక్కపెట్టాను, ఏడు ఉన్నాయి. అలా రక్తకణాలు మింగిన అమీబా కనిపిస్తే అది హిస్టోలిటికా అనడానికి బలమైన సాక్ష్యం. మీ రిపోర్టుల్లో ఉన్నవి సిస్టులే, రక్తం మింగిన అమీబాలు కావు.

మరి దానికి ఈ గుణం ఎక్కడిది? పేగు లోపల జిగట పొర ఉంటుంది. ఆ పొర మీదా, దాని కింది కణాల మీదా గాలాక్టోజ్ లాంటి చక్కెరలు ఉంటాయి. అమీబా ఒంటి మీద ఉండే లెక్టిన్ అనే ప్రోటీన్ ఆ చక్కెరలను పట్టుకుంటుంది. ల్యాబ్‌లో అదే చక్కెరను విడిగా పోస్తే లెక్టిన్ దానితోనే నిండిపోతుంది. అప్పుడు అమీబా కణాన్ని పట్టుకోలేదు, పట్టు దొరకకపోతే చంపలేదు. డిస్పార్‌కు కూడా లెక్టిన్ ఉంది. అంటే పట్టుకోవడం ఒక్కటే జబ్బుకు చాలదు.

తేడా తర్వాతి మెట్టులో వస్తుంది. హిస్టోలిటికాకు ప్రోటీన్లను కోసే ఎంజైముల జన్యువులు యాభై దాకా ఉన్నాయి. వాటిలో సీపీ-5 అనేది ముఖ్యమైనది, పేగు జిగట పొరను కోసి దారి చేసేది అదే. డిస్పార్‌లో ఆ జన్యువు ఉండాల్సిన చోట పాడైపోయిన ముక్కలు మాత్రమే మిగిలాయి. హిస్టోలిటికాలో ఈ ఎంజైములను అణిచివేసి హామ్‌స్టర్ల (ఎలుక లాంటి చిన్న జంతువుల) లివర్‌లోకి ఎక్కిస్తే గడ్డ సరిగా లేవలేదు. సీపీ-5ను మామూలు కన్నా ఎక్కువగా తయారయ్యేలా చేస్తే ఇంకా పెద్ద గడ్డలు లేచాయి. పేగు గోడ నిలబడటం, కూలడం ఒక్కోసారి ఇలాంటి ఒక్క జన్యువు బాగుండటం మీద ఆధారపడుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మూడోది అమీబాపోర్. 77 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఇది, ఎదుటి కణం పొరకు రంధ్రాలు పొడుస్తుంది. అమీబా తన తిండి అయిన బాక్టీరియాను చంపుకోవడానికి దీన్ని వాడుకుంటుంది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో ఈ జన్యువు పనిచేయకుండా చేసిన అమీబాలను తయారుచేశారు. వాటిని ఎలుకల్లో పరీక్షిస్తే పేగులో వాపు కలిగించగలిగాయి గానీ లివర్‌లో గడ్డ లేపలేకపోయాయి. పేగులో చేసే చెరుపు వేరు, లివర్‌లో చేసే చెరుపు వేరు అన్నమాట. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆ అమీబాల్లో జన్యువు చెక్కుచెదరలేదు, దానికి తాళం మాత్రం పడింది. ఆ తాళం వాటి తర్వాతి తరాలకూ కొనసాగింది. జన్యువు ఉండటం ఒక ఎత్తు, అది నోరు తెరవడం ఇంకో ఎత్తు.

మామూలు ల్యాబ్‌లలో కూడా ఇది కనిపిస్తుంది. హిస్టోలిటికాను ఏళ్ల తరబడి గాజు గొట్టాల్లో పెంచితే దాని పదును తగ్గిపోతుంది. అదే అమీబాను మళ్లీ హామ్‌స్టర్ లివర్‌లోకి పంపితే పదును తిరిగి వస్తుంది. అంటే హిస్టోలిటికా జాతిలోనే మెతకవి ఉన్నాయి, కరుకువి ఉన్నాయి, ఒకటే సమయాన్ని బట్టి మారేవీ ఉన్నాయి. ఢాకాలో లివర్ గడ్డ రోగుల నుంచి తీసిన అమీబాల డీఎన్‌ఏ గుర్తులను, విరేచనాల రోగులవీ ఏ బాధా లేనివాళ్లవీ పక్కన పెట్టి పోల్చారు. మూడు గుంపుల్లో ఆ గుర్తుల వరసలు వేరువేరుగా కనిపించాయి. ఒకే మనిషి లివర్‌లో ఉన్న అమీబా, పేగులో ఉన్న అమీబా కూడా ఒకదానితో ఒకటి సరిపోలేదు. మీవారి పేగులోనూ మీ ముగ్గురి పేగుల్లోనూ నిజంగా హిస్టోలిటికానే ఉన్నా, లివర్ దాకా వెళ్లినదాని తీరు వేరై ఉండవచ్చు. ఈ కరుకుతనం ఏ ఒక్క జన్యువుదీ కాదు, చాలా జన్యువులు కలిసి చేసే పని. ఈ అమీబా జన్యుపటం 2005లోనే వచ్చింది. అది మెక్సికో నగరంలో ఒక రోగి నుంచి 1967లో తీసిన అమీబాది, అప్పటి లెక్కలో సుమారు పదివేల జన్యువులు.

ఇక మీ అత్తమ్మ మాట. ఆమె పూర్తిగా గాలి మాట అనలేదు. మన జన్యువులకూ కొంచెం వాటా ఉంది. ఢాకాలోని మీర్పూర్ మురికివాడ పిల్లల మీద జరిగిన పరిశోధన 2011లో అచ్చయింది. లెప్టిన్ అనేది ఒంట్లో కొవ్వు నుంచి వచ్చే హార్మోను, దాన్ని అందుకునే ప్రోటీన్‌లో 223వ స్థానంలో ఉండే ఒక్క అమైనో ఆమ్లం తేడా ఉన్న పిల్లలకు ఈ అమీబా సోకే అవకాశం దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించింది. కానీ ఆ తేడా అరుదైనది కాదమ్మా, కోట్లమందిలో ఉంది. మీ పక్కింట్లోనూ ఉండవచ్చు. దాన్ని బట్టి 'మా వంశం జబ్బు' అనడానికి లేదు, బాబుకు జన్యు పరీక్షలంటూ డబ్బు తగలేయాల్సిన పని అంతకన్నా లేదు.

మీ మామగారికీ మీవారికీ ఒకే గడ్డ రావడానికి ఇంకా దగ్గరి కారణాలు ఉన్నాయి. అమీబా ఆడా మగా చూడకుండా పేగులో చేరుతుంది, లివర్ గడ్డ మాత్రం పెద్దవాళ్లలో ఆడవాళ్ల కన్నా మగవాళ్లకు ఏడు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ. చిన్నపిల్లల్లో ఈ ఆడమగ తేడా కనిపించదు. తాగుడు కూడా లివర్‌ను బలహీనం చేసి గడ్డకు దారి ఇస్తుంది. శ్రీలంకలోని జాఫ్నాలో ఈ గడ్డతో ఆసుపత్రికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది కల్లు తాగే మగవాళ్లే. మీ వైపు సాయంత్రం పని దిగాక కల్లు కాంపౌండ్‌కు వెళ్లడం మామూలే, మీవారికి ఆ అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే మాత్రం లివర్ పూర్తిగా మానేదాకా కల్లు, మద్యం రెండూ ముట్టకూడదు. కోప్పడకుండా, ఆయన పక్కన కూర్చుని ఈ మాట చెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది. మీవారి మందుల చీటీ బయటికి తీయండి. మెట్రోనిడజోల్ లివర్‌లోని అమీబాను, పేగు గోడలోని అమీబాను బాగా చంపుతుంది. ఇవి ఆక్సిజన్ లేకుండా బతికే జీవులు, ఆ బతుకు పద్ధతే మందును వాటికి విషంగా మారుస్తుంది. కానీ పేగు లోపలి ఖాళీలో ఉన్నవాటిని అది పూర్తిగా తుడిచిపెట్టలేదు. అందుకే దాని తర్వాత డిలోక్సనైడ్ ఫ్యూరోయేట్ గానీ పారోమోమైసిన్ గానీ ఇవ్వాలి. ఈ రెండో మందు చాలాసార్లు మర్చిపోతారు. జ్వరం తగ్గింది, రోగి ఇంటికి వెళ్లాడు, పేగులో మిగిలినవి అలాగే ఉండిపోయాయి. అలా మిగిలినవే కొన్ని నెలలకు మళ్లీ గడ్డ లేపగలవు, ఇంట్లో మిగతావాళ్లకూ అంటగలవు. చీటీలో ఆ రెండు పేర్లలో ఏదీ లేకపోతే ఈ వారంలోనే డాక్టరుగారిని అడగండి.

మీకూ పిల్లలకూ ఇప్పుడే మందులు మొదలుపెట్టకండి. హిస్టోలిటికాను విడిగా గుర్తుపట్టే మల పరీక్ష చేయించండి. యాంటిజెన్ ఎలైసా అనీ పీసీఆర్ అనీ రెండు రకాలు ఉంటాయి. జిల్లాలో దొరక్కపోతే మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో అడగండి, నమూనా ఎలా తేవాలో వాళ్లనే ముందు అడిగి తెలుసుకోండి. డిస్పార్ అని తేలితే ఏ మందూ వద్దు. హిస్టోలిటికా అని తేలితే బాధ లేకపోయినా పేగులో పనిచేసే ఆ రెండో మందు వాడాలి, పిల్లలకు వాళ్ల బరువును బట్టి డాక్టరుగారు మోతాదు చెప్తారు. పరీక్ష ఎక్కడా దొరకకపోతే, ఇంట్లో ఒకరికి లివర్ గడ్డ తేలింది కాబట్టి మందు ఇవ్వడం మంచిదా అని ఆయననే అడగండి. రక్తపరీక్ష మీద ఆధారపడకండి, ఒకసారి హిస్టోలిటికా సోకినవాళ్లకు అది ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే ఉంటుంది. బడిలో పిల్లలకు ఇచ్చే నులిపురుగుల మాత్ర అమీబా మీద నమ్ముకోదగ్గ మందు కాదు, ఇది పురుగు కాదు, ఒకే కణం ఉన్న జీవి. ఎవరికైనా రక్తం, జిగట పడే విరేచనాలు మొదలైతే మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన మాత్రలు మింగొద్దు. ఈ జబ్బులో స్టెరాయిడ్ ప్రాణం మీదికి తెస్తుంది.

మీవారికి మళ్లీ జ్వరం, కుడి పక్క నొప్పి, కుడి భుజంలో నొప్పి, దగ్గితే గోధుమరంగు కళ్లె, ఉన్నట్టుండి పొట్ట అంతా గట్టిగా పట్టేయడం, వీటిలో ఏది వచ్చినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తాగే నీళ్లు మరగకాచండి. కుళాయి నీళ్లలో కలిపే క్లోరిన్‌కు ఈ సిస్టులు చావవు, మరిగితే చస్తాయి. 1933లో చికాగోలో ప్రపంచ ప్రదర్శన చూడటానికి వచ్చినవాళ్లలో సుమారు 1,400 మందికి ఈ జబ్బు సోకి వంద మంది దాకా చనిపోయారు. రెండు హోటళ్లలో మురుగు పైపుల లోపం వల్ల తాగునీటిలో మురుగు కలిసింది, అంతే. మీ ఇంట్లో బోరుకూ సెప్టిక్ ట్యాంక్‌కూ మధ్య ఎంత దూరం ఉందో ఒకసారి చూడండి. మీ మామగారి కాలం నుంచీ అదే నీరైతే, అత్తమ్మ రక్తంలో ఉందనుకుంటున్నది ఆ నీళ్లలో ఉండి ఉండవచ్చు.

ఒక్క సంగతి మాత్రం నన్ను ఆపింది. ఉత్తరంలో ముగ్గురి రిపోర్టులు ఉన్నాయి, పిల్లలకు అన్నం కలిపి పెట్టే అత్తమ్మది లేదు. ఆమెకూ అదే పరీక్ష చేయించండి. ఆమె మీద అనుమానంతో అని ఆమెకు అనిపించకూడదు, 'మీకూ గడ్డ లేస్తదేమోనని భయంగా ఉంది అత్తమ్మా' అని చెప్పి తీసుకెళ్లండి. ఆ భయం నిజమే కదా. రిపోర్టు వచ్చేదాకా సబ్బు, చెంబు నీళ్లు ఆమె కూర్చునే అరుగు పక్కనే పెట్టండి. ముద్ద కలపబోయే ముందు ఆమె, తినబోయే ముందు పిల్లలు, ముగ్గురూ ఒకేసారి చేతులు కడుక్కుంటారు.